ఇంటికి రంగు ఎంత కొనాలి?



పండుగ దగ్గరపడినా, ఇంట్లో పెళ్లి కుదిరినా, అద్దె ఇల్లు మారినా మన ఇళ్లలో ముందుగా వచ్చే మాట సున్నాలు, రంగులు. బెంగళూరులో కన్నడం వాళ్లు దీన్నే ‘సుణ్ణ బణ్ణ’ అంటారు. సుణ్ణమంటే మన సున్నమే, బణ్ణమంటే రంగు. ఏ భాషలో అన్నా ఆ తరువాత వచ్చే ప్రశ్న ఒక్కటే. రంగు ఎంత కొనాలి?

చాలామంది ఈ ప్రశ్నను పెయింటరుకో, కొట్టువాడికో వదిలేస్తారు. ఎక్కువ కొంటే డబ్బు దండగ. ఒకసారి రంగు కలిపించిన డబ్బాను కొట్టువాళ్లు మామూలుగా వెనక్కి తీసుకోరు. తక్కువ కొంటే ఇంకో చిక్కు. గోడ సగంలో ఉండగా రంగు అయిపోతే, మళ్లీ తెచ్చిన డబ్బాలోని రంగు మొదటిదానితో అచ్చంగా కలవకపోవచ్చు. పగటి వెలుగులో ఆ తేడా చారలా కనిపిస్తుంది. పైగా ఆ పూట కూలి వృథా.

ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. పిల్లలు హైస్కూల్లో చేసే నాలుగు గోడల వైశాల్యం లెక్క చాలు. గది పొడవును, వెడల్పును కూడి రెట్టింపు చేస్తే చుట్టుకొలత వస్తుంది. దాన్ని ఎత్తుతో గుణిస్తే నాలుగు గోడల వైశాల్యం వస్తుంది.

ఒక గది తీసుకుందాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు. చుట్టుకొలత 44 అడుగులు. ఎత్తుతో గుణిస్తే 440 చదరపు అడుగులు. ఇందులోంచి రంగు పడని చోట్లు తీసెయ్యాలి. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు ఉన్న తలుపు ఒకటి, అంటే 21. నాలుగుకు నాలుగు కిటికీలు రెండు, అంటే 32. మొత్తం 53 పోగా 387 మిగిలింది. సులువుగా 390 అనుకుందాం. గోడ బీరువాలు ఉంటే అవీ తీసెయ్యండి. వంటింట్లో టైల్స్ అతికించినంత మేర కూడా తీసెయ్యండి. పైకప్పు 120 చదరపు అడుగులు. దానికి సాధారణంగా తెల్లరంగే వేస్తారు కాబట్టి ఆ లెక్క విడిగా రాసుకోండి.

ఇక లీటరుకు ఎంత గోడ వస్తుంది? నునుపుగా లప్పం పెట్టి, ప్రైమరు వేసిన లోపలి గోడ మీద మామూలు ఎమల్షన్ రంగు రెండు పూతలకు లీటరుకు సుమారు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. 130 అనుకుంటే మన గది గోడలకు మూడు లీటర్లు, పైకప్పుకు ఒక లీటరు. బయటి గోడలు గరుకుగా ఉంటాయి, రంగును ఎక్కువగా తాగుతాయి. అక్కడ ఇందులో సగమే వచ్చినా ఆశ్చర్యం లేదు. ప్రైమరుకూ, తలుపులకు వేసే ఎనామిల్‌కూ లెక్కలు వేరు.

ఎంత వస్తుందో డబ్బా మీదే అచ్చువేసి ఉంటుంది. అయితే రెండు సంగతులు గమనించండి. ఆ అంకె ఒక పూతకా, రెండు పూతలకా? చదరపు అడుగుల్లోనా, చదరపు మీటర్లలోనా? ఒక చదరపు మీటరు అంటే సుమారు 10.76 చదరపు అడుగులు. ఈ రెండింటిలో ఒకటి పొరబడినా లెక్క తారుమారవుతుంది. ఆ అంకె కూడా మంచి గోడను దృష్టిలో పెట్టుకుని ఇచ్చినదే. మీ గోడ సంగతి మీ గోడే చెప్పాలి.

అందుకు ఒక ఉపాయం ఉంది. మొత్తం కొనే ముందు చిన్న డబ్బా తెచ్చి, ఒక్క గోడకు రెండు పూతలూ వేయించి చూడండి. మన గదిలో పొడుగు గోడ 120 చదరపు అడుగులు. దానికి లీటరుంబావు పట్టిందనుకోండి, లీటరుకు 96 అడుగులే వచ్చిందన్నమాట. అప్పుడు 390ని 96తో భాగించాలి. మూడు లీటర్లు కాదు, నాలుగు లీటర్లకు కాస్త పైనే కావాలి. వచ్చిన అంకెకు నూటికి అయిదు నుంచి పది వంతులు కలుపుకోండి. రోలరుకు, బ్రష్షుకు, బకెట్టుకు అంటుకుపోయేది, తరువాత మరకల మీద దిద్దుకోవడానికి దాచుకునేది అందులో సరిపోతుంది. ఆపైన మొత్తం రంగును ఒకేసారి కొని, ఒక గదికి వాడే డబ్బాలన్నిటినీ పెద్ద బకెట్టులో కలిపి వాడితే రంగులో తేడా రాదు.

మేస్త్రీలకు ఒక నోటిలెక్క ఉంది. ఇంటి నేల ఎన్ని చదరపు అడుగులో దాన్ని మూడున్నరతో గుణిస్తారు. గోడలూ పైకప్పూ కలిపి అంత ఉంటుందంటారు. ఇది ఉజ్జాయింపుకే గాని కొలతకు పనికిరాదు. మన గదిలో నేల 120, తలుపులు తీసెయ్యకముందు గోడలూ పైకప్పూ కలిపి 560. అంటే నాలుగున్నర రెట్లకు పైనే. 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు ఉన్న హాలు తీసుకుంటే నేల 300, గోడలూ పైకప్పూ 1,000. మూడు రెట్లు దాటి కొంచెం. గది చిన్నదయ్యేకొద్దీ నేలతో పోలిస్తే గోడ ఎక్కువన్నమాట.

అపార్ట్‌మెంట్లలో ఇంకో తిరకాసు ఉంది. 1,200 చదరపు అడుగుల ఫ్లాటు అని చెప్పేది చాలాసార్లు సూపర్ బిల్టప్ లెక్క. అందులో మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కలిసి ఉంటుంది. వాటికి మీరు రంగు వేయించరు కదా! దాన్ని పట్టుకుని గుణిస్తే లేని గోడలకు డబ్బు కట్టినట్లే. 2016 నాటి రెరా చట్టం నిర్వచించిన కార్పెట్ ఏరియా అడగండి. అన్నిటికంటే మంచిది, టేపు పట్టుకుని మీరే కొలవండి.

ఈ లెక్క సొంత ఇంటివాళ్లకే కాదు, అద్దెకున్నవాళ్లకు ఇంకా అవసరం. బెంగళూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి పట్టుకోవడం చాలా చోట్ల అలవాటు. ఆ ఖర్చు నిజంగా ఎంతో మీకు తెలియకపోతే మాట్లాడటానికి ఏమీ ఉండదు. గోడలూ పైకప్పూ కలిపి 2,200 చదరపు అడుగులున్న ఇల్లనుకోండి. 130తో భాగిస్తే దాదాపు 17 లీటర్లు. కొట్లో లీటరు ధర, అడుగుకు కూలి కనుక్కుంటే ఖర్చు మీ చేతిలో ఉంటుంది. అప్పుడు ఇంటివారితో మర్యాదగానే బిల్లు చూపించమని అడగవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2021లో తయారుచేసిన నమూనా అద్దె చట్టం, వేరే ఒప్పందం లేనప్పుడు, గోడలకు సున్నం, తలుపులకు కిటికీలకు రంగు ఇంటి యజమాని బాధ్యతల్లో చేర్చింది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టం చేస్తేనే అమలవుతుంది. అందుచేత ఇంట్లో చేరేముందే అగ్రిమెంటులో రంగుల సంగతి అంకెతో సహా రాయించుకోవడం క్షేమం.

చివరగా రెండు జాగ్రత్తలు. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు ఎక్కువ. తడి గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కి ఊడిపోతుంది. ముందు నీటి ఊటను ఆపించి, గోడ ఆరాకే రంగు మాట తలపెట్టండి. రెండోది, పాత ఇళ్ల తలుపుల రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగును ఉప్పుకాగితంతో పొడిగా రుద్దకండి. తడిపి రుద్దించండి. ఆ దుమ్ము తుడిచేదాకా పసిపిల్లలను, గర్భిణులను ఆ గదిలోకి రానివ్వకండి.

ఒక కాగితం, ఒక పెన్సిలు, ఒక టేపు. గదికి పది నిమిషాల పని. ఈసారి ఆ కొలతలు మీ పిల్లల చేత తీయించండి. ఇంటికి రంగూ కుదురుతుంది, వాళ్లకు లెక్కా వంటబడుతుంది.