వాడ నాయకులకు వికీపీడియాలో చోటెంత?

ఒక్కసారి ఎమ్మెల్యేగా గెలిచి, ఐదేళ్లూ సభలో నోరు తెరవని మనిషికి వికీపీడియాలో పేజీ ఉంటుంది. ఊరి పెద్దల్ని ఎదిరించి వాడకు ఇళ్ల స్థలాలు ఇప్పించిన సర్పంచ్‌కు ఉండదు. ఎవరైనా అభిమానంతో రాసినా, కొద్దిరోజుల్లోనే దాని నెత్తిన తొలగింపు చీటీ పడుతుంది. ఇది చూసి మనోళ్లు చాలామంది 'ఇదీ వాళ్ల అడ్డానే' అని వదిలేస్తున్నారు. ఆ కోపంలో నిజం ఉంది. అయితే కోపం దగ్గరే ఆగిపోతే మనకేం మిగలదు. ఆ గడప ఎట్లా పనిచేస్తుందో, అది ఎక్కడ న్యాయంగా ఉందో, ఎక్కడ మన మీద బరువు మోపుతుందో విడదీసి చూసుకోవాలి.

నియమం ఏం చెబుతుంది?

వికీపీడియా 2001లో ఇంగ్లీషులో, 2003 డిసెంబరులో తెలుగులో మొదలైంది. ఏ పేజీ ఉండాలో, ఏది పోవాలో అందులో రాసేవాళ్లే చర్చించుకుని తేలుస్తారు. ఏ భాషకు ఆ భాష నియమాలున్నా, ఎక్కువ వాదనలు నడిచింది ఇంగ్లీషులోనే కాబట్టి దాన్నే చూద్దాం. అక్కడ తొలగింపు చర్చ మామూలుగా ఏడు రోజులు నడుస్తుంది. చేతులెత్తి లెక్కపెట్టరు. ఎవరి వాదన నియమానికి నిలబడుతుందో చూస్తారు.

రాజకీయ నాయకుల విషయంలో నియమానికి రెండు మెట్లు ఉన్నాయి. దేశ స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో పదవి చేసినవాళ్లు, పార్లమెంటుకో శాసనసభకో ఎన్నికైనవాళ్లు పై మెట్టు మీద ఉన్నారు. వీళ్లకు దాదాపుగా తలుపు తెరిచే ఉంటుంది. దామోదరం సంజీవయ్య మీద పేజీ ఉండాలా అని ఎవరూ అడగరు. 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు, అంతటితో తేలిపోయింది. సర్పంచ్, ఎంపీటీసీ, జెడ్పీటీసీ, కౌన్సిలర్ లాంటివాళ్లు కింది మెట్టు మీద ఉన్నారు. వీళ్లకు పదవి ఒక్కటే చాలదు. పోటీచేసి ఓడిపోయినవాళ్లకూ అంతే. వీళ్ల గురించి పత్రికలో, పుస్తకాలో విస్తారంగా రాసి ఉండాలి.

ఆ రాతకు మూడు పరీక్షలు ఉంటాయి. మొదటిది విస్తారం. 'కార్యక్రమంలో ఫలానా సర్పంచ్ పాల్గొన్నారు' అన్న ముక్క పనికిరాదు, ఆ మనిషి గురించే నాలుగు పేరాలు ఉండాలి. రెండోది స్వతంత్రత. పార్టీ కరపత్రం, పుట్టినరోజు ప్రకటన, సొంత మనుషులు వేసిన పుస్తకం లెక్కలోకి రావు. మూడోది నమ్మకం. తప్పు రాస్తే జవాబు చెప్పే సంపాదకుడు ఉన్న ప్రచురణ అయి ఉండాలి. ఈ మూడూ కలిసొస్తేనే తెలుగు వికీపీడియాలో 'విషయ ప్రాముఖ్యత' అనే మాటకు అర్థం.

ఇక్కడొక సంగతి గట్టిగా పట్టుకోవాలి. ప్రాముఖ్యత అంటే గొప్పతనం కాదు. ఎమ్మెల్యేకు తలుపు తెరిచింది గౌరవంతో కాదు. శాసనసభ రికార్డులు, ఎన్నికల ఫలితాలు, పత్రికల వార్తలు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయన్న నమ్మకంతో. తూకంలో పెట్టేది మనిషిని కాదు, ఆ మనిషి చుట్టూ పోగైన కాగితాన్ని.

మరి ఆ కాగితం ఎవరి చేతుల్లో ఉంది?

నియమంలో ఎక్కడా కులం మాట లేదు. కానీ నియమం ఆధారపడ్డ పత్రికల్లో కులం ఉంది. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో దళిత విలేకరి కోసం వెతికి, గుర్తింపు కార్డున్న విలేకరుల్లో ఒక్కరూ దొరకలేదని రాశాడు. ఇరవై మూడేళ్ల తర్వాత, 2019లో, ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి ఒక నివేదిక తెచ్చాయి. వాళ్లు చూసిన 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల చేతిలోనే ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు.

మన దగ్గరి సంగతి ఇంకా సూక్ష్మం. తెలుగు పత్రికలకు జిల్లా పేజీలున్నాయి, మండలానికో విలేకరి ఉన్నాడు. ఊరి వార్త అచ్చవుతుంది, నిజమే. కానీ ఆ విలేకరి చాలాచోట్ల ప్రకటనలు కూడా తేవాలి. ప్రకటన ఇచ్చే స్తోమత ఎవరికుందో వేరే చెప్పక్కర్లేదు. 2009 ఎన్నికల తర్వాత డబ్బిచ్చి వేయించుకునే వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘాన్ని వేసింది. దాని నివేదిక 2010లో వచ్చింది. అంటే అచ్చయినదంతా స్వతంత్రం కాదు, అచ్చు కానిదంతా అల్పం కాదు.

దీనికి తోడు పదవి తీరు కూడా ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. జనాభాను బట్టి ఎస్సీ, ఎస్టీలకు సీట్లు, మహిళలకు మూడో వంతు వచ్చాయి. మన వాడల నుండి వేలమంది సర్పంచ్‌లయ్యారంటే ఆ సవరణ వల్లే. అయితే రిజర్వేషన్ ఊరు మారుతూ తిరుగుతుంది. పేరు నలుగురికీ తెలిసేసరికి కుర్చీ వేరే కోటాలోకి పోతుంది. సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తు మీద జరగవు కాబట్టి వెనక ఏ పార్టీ ప్రచారమూ ఉండదు. ఆడమనిషి సర్పంచ్ అయితే భర్త మాటే వార్త కావడం మనం ఎరిగిందే.

మేలవలవు చెప్పేది

తమిళనాడులో మదురై దగ్గర మేలవలవు అనే ఊరుంది. అక్కడి పంచాయతీ అధ్యక్ష పదవి ఎస్సీలకు రిజర్వు అయ్యింది. బెదిరింపుల మధ్య పోటీచేసి మురుగేశన్ గెలిచాడు. 1997 జూన్ 30న అతన్నీ, మరో ఐదుగురినీ పెత్తందారీ కులం వాళ్లు నరికి చంపారు. దీని మీద కావలసినంత రాత ఉంది. కోర్టు తీర్పులున్నాయి. కానీ ఇక్కడ ఇంకో నియమం అడ్డొస్తుంది. ఒక్క సంఘటనతోనే పేరు తెలిసిన మనిషికి మామూలుగా విడిగా పేజీ ఇవ్వరు, ఆ సంఘటన మీదే పేజీ రాస్తారు. నియమంగా చూస్తే అందులో తర్కం ఉంది. కానీ మన వైపు నుండి చూస్తే, బతికి ఊరిని పాలించాలనుకున్న నాయకుడు హత్య కింద ఒక పేరాగా మిగులుతాడు. దళిత స్థానిక నాయకుడి మీద విస్తారంగా రాత పుట్టాలంటే అతను చావాల్సి వస్తోంది. అసలు గాయం ఇక్కడుంది.

గడప తగ్గించమందామా?

వద్దనే నా అభిప్రాయం. గడప తగ్గితే ముందు దూరేది మనం కాదు. ఫ్లెక్సీలు కట్టించుకునేవాళ్లూ, డబ్బిచ్చి రాయించుకునేవాళ్లూ మనకంటే ముందుంటారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. వికీపీడియా పేజీ ఎవరి సొంతమూ కాదు. ఎవరైనా దిద్దొచ్చు. బతికున్న వాడ నాయకురాలి మీద పలచని ఆధారాలతో పేజీ పెడితే, రేపు ఊళ్లో గిట్టనివాళ్లు అందులో ఏమైనా చేర్చొచ్చు. ఆధారం అడిగే నియమమే అప్పుడు ఆమెకు కాపలా.

నోటి మాటను ఆధారంగా ఒప్పుకోవాలని కూడా ఒక ప్రయత్నం జరిగింది. 2011లో అచల్ ప్రభల, మరికొందరు కలిసి మన దేశంలో, దక్షిణాఫ్రికాలో జనం మాటల్ని రికార్డు చేసి ఆధారాలుగా చూపారు. ఆలోచన మంచిదే. కానీ అది నియమంగా మారలేదు.

మనం చేయగలిగింది

ముందు కాగితం పుట్టించాలి. టి.ఎన్. సదాలక్ష్మి శాసనసభ డిప్యూటీ స్పీకరుగా, మంత్రిగా పనిచేసింది. పదవుల లెక్కన ఆమెకు పేజీ ఎట్లాగూ వస్తుంది. కానీ ఆ పేజీలో ఏం రాయాలి? గోగు శ్యామల ఆమె మాటలు విని 'నేనే బలాన్ని' అనే బతుకు కథ రాసింది. హైదరాబాద్ బుక్ ట్రస్టు దాన్ని 2011లో వేసింది. నోటి మాట పుస్తకమైంది, పుస్తకం ఆధారమైంది. ఎమ్మెల్యే కాని మనవాళ్లకు ఈ పని ఇంకా ఎక్కువ అవసరం.

యూనివర్సిటీల్లోకి వచ్చిన మన పిల్లలు వాడల్లో తిరిగి రాసిన పీహెచ్‌డీ గ్రంథాలు శోధ్‌గంగలో అందరికీ అందుబాటులో ఉంటే, వాటిని జాగ్రత్తగా ఆధారంగా వాడుకోవచ్చు. మన నోటుపుస్తకంలో ఉన్న ఇంటర్వ్యూ పనికిరాదు, ఎందుకంటే అది ఇంకా అచ్చు కాలేదు. కాబట్టి సర్పంచ్‌ల పేర్లు మార్చేసి 'ఒక మహిళా ప్రతినిధి' అని రాసే అలవాటును, వాళ్లు ఒప్పుకుని, ప్రమాదం లేనిచోట, మానుకోవాలి. పేరు లేని మనిషికి చరిత్రలో చోటు దొరకదు.

రెండోది, విడి పేజీ రానంత మాత్రాన చోటే లేదనుకోవద్దు. తెలుగు వికీపీడియాలో వేలాది ఊళ్లకు పేజీలున్నాయి. ఊరి పేజీలో పంచాయతీ గురించి, ఫలానా ఏడాది తొలి దళిత సర్పంచ్ గురించి, ఆధారం చూపి రెండు వాక్యాలు చేర్చొచ్చు. సొంత బంధువు గురించి అయితే నేరుగా రాయకుండా చర్చాపేజీలో అడగడం పద్ధతి.

కాబట్టి ఒక పేరు ముందుకొచ్చినప్పుడు 'ఈమె గొప్పదా కాదా' అని వాదులాడుకోవద్దు. ఆమెతో సంబంధం లేనివాళ్లు ఎవరు, ఎక్కడ, ఎంత రాశారో ముందు వెతకాలి. దొరికితే పేజీ రాయాలి, తొలగింపు చర్చకొస్తే ఆ ఆధారాలతో నిలబడాలి. దొరక్కపోతే ఆమె చిన్నదై కాదు, రాయాల్సినవాళ్లు రాయలేదు కాబట్టి దొరకలేదు. ఆ రాయాల్సినవాళ్లలో ఇప్పుడు మనమూ ఉన్నాం.