నాణేలకూ రీవాల్యుయేషన్!

రెండు మార్కుల్లో ఫస్ట్ క్లాస్ పోయిందనుకోండి, ఏం చేస్తాం? ఫీజు కట్టి రీవాల్యుయేషన్‌కి పెడతాం. అమెరికాలో పాత నాణేలు సేకరించేవాళ్లు చేసేదీ ఇదే. ఆన్సర్ షీటు బదులు వెండి డాలరు, మార్కుల బదులు గ్రేడు. కాకపోతే అక్కడ ఒక్క మార్కు తేడా కొన్నిసార్లు వేల డాలర్లు పలుకుతుంది.

మార్కులు వేసేదెవరు?

ఈ రంగంలో పెద్ద సంస్థలు రెండు. కాలిఫోర్నియాలోని పీసీజీఎస్ 1986లో పని మొదలుపెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన ఎన్‌జీసీ ఇప్పుడు ఫ్లోరిడాలో ఉంది. రెండూ వాడేది 1 నుంచి 70 దాకా ఉండే స్కేలునే. 1949లో విలియం షెల్డన్ పాత రాగి సెంట్ల కోసం తయారుచేసిన పద్ధతి ఇది. చలామణీలోకి వెళ్లని నాణేలకు 60 నుంచి 70 వరకు ఇస్తారు. ఒకరికి మించి గ్రేడర్లు విడివిడిగా చూసి అంకె తేలుస్తారు. తర్వాత నాణేన్ని ‘స్లాబ్’ అనే గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేస్తారు.

మరి మళ్లీ పంపడం దేనికి? 64కూ 65కూ మధ్య గీత అంత సన్నం కాబట్టి. మోర్గాన్ డాలరునే తీసుకోండి. 1878-1904 మధ్య, మళ్లీ 1921లో ముద్రించారు. వెయ్యేసి నాణేలు సంచుల్లో కట్టి ఖజానాల్లో పడేయడంతో ఒకదానికొకటి రాసుకుని గీతలు పడ్డాయి. లిబర్టీ దేవత చెంప మీద చిన్న గీత ఒకరికి కనిపించినంత గట్టిగా ఇంకొకరికి కనిపించదు. ఆ సందు పూడ్చడానికే 2010లో ‘ప్లస్’ గ్రేడు తెచ్చారు. అయినా ఆశ చావదు కదా!

పగలగొట్టాలా, వద్దా?

దారులు రెండు. స్లాబ్ తీయకుండానే మళ్లీ చూడమని అడగొచ్చు. పీసీజీఎస్‌లో దీన్ని ‘రీకన్సిడరేషన్’ అంటారు. గ్రేడు పెరిగితే పెరుగుతుంది, తగ్గించరు. రెండోది ‘క్రాక్ ఔట్’. పెట్టె పగలగొట్టి, కొత్త నాణెంలా పంపడం. గ్రేడరుకు పాత మార్కు తెలియదు కాబట్టి పెరిగే అవకాశం ఎక్కువని నమ్మకం. తగ్గే ప్రమాదమూ అంతే. పగలగొట్టేటప్పుడు గీత పడ్డా, పాతకాలపు శుభ్రం చేసిన మరక ఈసారి కంటబడ్డా అంకె బదులు ‘డీటెయిల్స్’ అని రాసి పంపేస్తారు. ధర ఢమాల్.

ఉదాహరణకు ఓ లెక్క వేసుకుందాం. 64 గ్రేడు నాణెం 300 డాలర్లు, 65 అయితే 700. ఫీజు, పోస్టేజీ, ఇన్సూరెన్స్ కలిపి నాణేనికి 60. అయిదు పంపితే ఖర్చు 300. ఒకటి పెరిగితే 400 వస్తుంది, మిగిలేది వంద. ఇంకొకటి 63కి జారి వంద డాలర్లు పోగొట్టుకుందా... చేతికి సున్నా. గ్రేడుల మధ్య ధర తేడా పెద్దగా లేని మామూలు నాణెమైతే పంపడమే దండగ. అందుకే ఇందులో సంపాదించేది ఆశపోతులు కాదు, పంపకముందే 64.8ని కంటితో పసిగట్టగల డీలర్లు.

ఇంకో తమాషా. ఒకే నాణేన్ని నాలుగుసార్లు పంపి, పాత లేబుళ్లు తిరిగివ్వకపోతే సంస్థ లెక్కల్లో అది నాలుగు నాణేలుగా కనిపిస్తుంది. అరుదైనదీ మామూలుదైపోతుంది.

ఆ కంటికి ఉద్యోగం ఉందా?

ఉంది, కానీ సీట్లు తక్కువ. గ్రేడింగ్ సంస్థలు, వేలం సంస్థల కేటలాగ్ విభాగాలు, డీలర్లు. ఇక్కడ పట్టా కన్నా చూసిన నాణేల సంఖ్యే ముఖ్యం. ఎన్‌జీసీ గ్రేడర్లు నాణేల వ్యాపారం చేయకూడదన్న నియమం కూడా ఉంది. అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వేసవిలో కొలరాడో స్ప్రింగ్స్‌లో గ్రేడింగ్ తరగతులు నడుపుతుంది. మన దేశంలో నాణేల అధ్యయనం పురావస్తు, ప్రాచీన చరిత్ర కోర్సుల్లో భాగం. నాసిక్ దగ్గర ఆంజనేరిలో దీనికోసమే ఒక పరిశోధన సంస్థ ఉంది. చరిత్ర చదివినవాళ్లకు మ్యూజియంల దారి ఉంది. జీతం కోసమే చూసేవాళ్లు మాత్రం దీన్ని రెండో ప్లానుగా ఉంచుకోవడం మేలు.

తాతయ్య పెట్టెలో విక్టోరియా రాణి రూపాయి దొరికిందా? రెండు పనులు చేయకండి. చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, గ్రేడు పోతుంది. విదేశానికి కొరియరూ చేయకండి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. చివరి నిజాం కాలపు చార్మినార్ రూపాయల్లో తొలి ఏళ్లవి కూడా ఈ లెక్కలోకి వచ్చేశాయి. వాటిమీద ఉండేది హిజ్రీ సంవత్సరం. 1330 అని ఉంటే అది 1911-12 నాటిది.