ఒంట్లో రక్తం తక్కువైతే

కాస్త దూరం నడిస్తే ఆయాసం. కూచుని లేస్తే కళ్ళు తిరగడం. ఏ పనీ చెయ్యబుద్ధి కాకపోవడం. చాలామంది ఆడవాళ్ళకు ఈ బాధలుంటాయి. పనెక్కువై అలా ఉందిలే అనుకుంటారు. ఇంట్లోవాళ్ళేమో బద్ధకం అంటారు. చాలాసార్లు అది బద్ధకం కాదు. రక్తహీనత అనే జబ్బు. 2019-21లో దేశమంతటా సర్వే చేశారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100కి 57 మందికి ఈ జబ్బు ఉందని తేలింది.

రక్తం ఏం చేస్తుంది?

రక్తానికి ఎర్ర రంగునిచ్చే పదార్థం పేరు హిమోగ్లోబిన్. పీల్చిన గాలిలోని ప్రాణవాయువును ఒళ్ళంతటికీ మోసుకుపోయేది ఇదే. ఇది తయారు కావాలంటే ఇనుము కావాలి. ఆ ఇనుము తిండిలోంచి రావాలి. ఇనుము చాలకపోతే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. ఒంటికి ప్రాణవాయువు సరిగా అందదు. ఆ లోటు తీర్చడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. అందుకే ఆయాసం, గుండెదడ, నీరసం వస్తాయి.

ఆడవాళ్ళకే ఎందుకు ఎక్కువ?

నెలనెలా ముట్టులో రక్తం పోతుంది. కడుపుతో ఉంటే బిడ్డకు కూడా ఇనుము కావాలి. వెంటవెంటనే కాన్పులైతే ఒళ్ళు తేరుకోదు. పైగా చాలా ఇళ్ళల్లో అందరూ తిన్నాక మిగిలిందే ఆడవాళ్ళు తింటారు.

కొంకి పురుగులు మరో కారణం. మలం కలిసిన మట్టిలో చెప్పుల్లేకుండా నడిస్తే ఇవి చర్మంలోంచి లోపలికి పోతాయి. పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. అందుకే మరుగుదొడ్డి వాడాలి. కాళ్ళకు చెప్పులు వేసుకోవాలి.

ఎలా తెలుసుకోవాలి?

కంటి కింది రెప్ప లోపల, నాలుక, గోళ్ళు తెల్లగా పాలిపోతాయి. కొందరికి మట్టి, బియ్యం తినాలనిపిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తారు. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి. గర్భిణికి 11 ఉండాలి. గర్భిణికి 7 కన్నా తగ్గితే ప్రాణానికే ముప్పు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. కాన్పులో కొద్దిగా ఎక్కువ రక్తం పోయినా అలాంటి తల్లి తట్టుకోలేదు. బిడ్డ కూడా తక్కువ బరువుతో పుట్టవచ్చు.

ఏం చెయ్యాలి?

గర్భిణులకు ఇనుము మాత్రలు ఉచితంగా ఇస్తారు. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి.

మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని, కడుపులో మరీ లావై కాన్పు కష్టమవుతుందని కొందరు భయపెడతారు. అది నిజం కాదు. మలం నల్లగా వస్తుంది. దానికి భయపడనక్కర్లేదు. కడుపులో తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. అయినా తగ్గకపోతే నర్సమ్మకు చెప్పాలి. మానెయ్యకూడదు.

మునగాకు, తోటకూర, పప్పులు, రాగులు, నువ్వులు తినాలి. అలవాటున్నవాళ్ళు చేపలు, మాంసం, కార్జం తినాలి. నిమ్మరసం, ఉసిరి, జామకాయ తింటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే సరిగా పట్టదు. గంటైనా ఆగాలి.

ఇంటిల్లిపాదీ కలిసి కూచుని తినడం అలవాటు చేసుకోవాలి. అప్పుడు కూరలో, పప్పులో ఆడవాళ్ళకూ సమానంగా వాటా అందుతుంది.