కళాశాల మారదలచిన దంతవైద్య విద్యార్థి

ఇంటర్మీడియెట్ వరకు ఒక ఊరి చదువు మాని మఱొక ఊరి చదువులో చేరుటకు టి.సి. ఒకటి చాలును, డిగ్రీ కళాశాలలందును కొంత తిరుగుడునకు ఓర్చుకొన్నచో పని జరుగును, కాని బి.డి.యస్. చదువులో సీటు దక్కి, కౌన్సెలింగు చివరి విడతయు ముగిసి, పేరు పట్టికలోని కెక్కిన పిమ్మట ఆ కళాశాలను విడిచి వేఱొకదానికి పోవలెనన్న ఎన్ని తలుపులు తట్టవలయునో, ఆ చదువులో బిడ్డలను చేర్చిన తలిదండ్రులలో సయితము పలువురు ముందుగా ఎఱుగరు.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఈ ప్రశ్న తఱచుగా పుట్టుటకు కారణము దూరమే. ఆంధ్రప్రదేశమున ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు విజయవాడలో ఒకటి, కడపలో ఒకటి కలవు. ఉత్తరాంధ్రమున ప్రభుత్వమువారిది ఒక్కటియు లేదు. శ్రీకాకుళము చెంత చాపురమున శ్రీ సాయి కళాశాల, తగరపువలస దాపున సంగివలసలో అనిల్ నీరుకొండ కళాశాల, రుషికొండవద్ద గీతం కళాశాల ఉన్నవి గాని అవి మూడును ప్రైవేటువే. తక్కువ ఫీజు కోరు ఇంటి బిడ్డ, ర్యాంకు కలిసివచ్చినచో విజయవాడకో, స్థానికేతరులకును తెఱచియుంచిన 15 శాతములో చోటు దొరకినచో కడపకో పయనము కట్టవలసినదే. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనున రైలెక్కి, విశాఖలో మధ్యాహ్నపు బండి పట్టుకొన్నచో, మఱునాటి ఉదయమునకు గాని కడప రాదు. తొలి సెలవులకు ఇల్లు చేరిన పిల్ల తండ్రితో, "మన దగ్గిరి కాలేజీకి మార్పించడం అవదేటి నాన్నా?" అని అడిగినచో ఆశ్చర్యమేమున్నది? ఉపాధ్యాయులకు మ్యూచువల్ బదిలీలు ఉన్నట్లు, అటనుండి ఇటు రాగోరువాడు ఒకడు దొరకినచో సరిపోవునని ఆ తండ్రి తలచును. నిబంధనలలో అట్టి మాటయే లేదు.

ఉన్న మాట యేమనగా: 1948 నాటి దంతవైద్యుల చట్టము ననుసరించి 1949లో ఏర్పడిన భారత దంతవైద్య మండలి, 2007లో సవరించి ప్రకటించిన బి.డి.యస్. నిబంధనలయందు, కళాశాల మారుట విద్యార్థికి హక్కు కాదని మొట్టమొదటనే తేల్చిచెప్పినది. మిక్కిలి దయనీయమైన పరిస్థితులలో మాత్రమే, అదియు మండలి అనుమతితో మాత్రమే, మార్పునకు వీలున్నది. విడుచు కళాశాలయు చేరు కళాశాలయు రెండును మండలి గుర్తింపు పొందినవై యుండవలెను. విద్యార్థి మొదటి సంవత్సరపు పరీక్ష ఉత్తీర్ణుడై యుండవలెను. ఫలితములు వెలువడిన ఒక్క నెలలోపల దరఖాస్తు సంబంధిత అధికారులందఱకును చేరవలెను. క్రొత్త కళాశాలలో 240 దినములు చదివిన తరువాతనే రెండవ సంవత్సరపు పరీక్షకు కూర్చుందునని ప్రమాణపత్రము వ్రాసి యీయవలెను. మార్పు రెండవ సంవత్సరారంభమున తప్ప మఱెన్నడును కుదరదు. మూడవ సంవత్సరమున ఎంత కష్టము వచ్చినను అది నిబంధన దృష్టిలో కష్టము కాదు.

నెల అనగా ముప్పది దినములని కాగితముమీద కానవచ్చును గాని, ఇటు ప్రిన్సిపాలు నిరభ్యంతర పత్రము, అటు ప్రిన్సిపాలు అంగీకార పత్రము, విశ్వవిద్యాలయపు ముద్ర, నోటరీ సంతకము, ఢిల్లీకి పంపు కట్ట, ఇవన్నియు ఆ ముప్పదిలోనే ఇమడవలెను. రెండు కళాశాలలును విజయవాడలోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమునకే అనుబంధమైనచో ఒక మెట్టు తగ్గును. గీతం స్వయముగా డీమ్డ్ విశ్వవిద్యాలయము గనుక అచటినుండి గాని అచటికి గాని పోవలెనన్న విశ్వవిద్యాలయమే మారును. తెలంగాణమునుండి రాదలచినవానికి వరంగల్లులోని కాళోజీ విశ్వవిద్యాలయము, ఎల్ల దాటిన ఒడిశానుండి రాదలచినవానికి ఆ రాష్ట్రపు విశ్వవిద్యాలయము ఎదురగును. ఇన్నియు దాటి అనుమతి ఆలస్యముగా వచ్చెనా, 240 దినముల లెక్క తోటివారి పరీక్షనాటికి పూర్తికాదు. విద్యార్థి, పిల్లలు "ఆడ్ బ్యాచ్" అని పిలుచుకొను వెనుకబడిన వరుసలో పడిపోవును.

ఇంతటి కట్టుదిట్టము పనికిమాలిన మొండితనమా అన్నచో కాదనియే నా అభిప్రాయము. మొదటి న్యాయము ర్యాంకుది. నీట్ ర్యాంకులో ముందున్నవాడు దూరపు కళాశాలలో చేరగా, వెనుకనున్నవాడు ఏడాది గడిచిన పిదప పెరటిదారిని ఇంటిచెంతకు వచ్చి కూర్చున్నచో కౌన్సెలింగునకు అర్థమే లేదు. రెండవ న్యాయము చేతిపనిది. దీనిని బయటివారు అంతగా గుర్తింపరు.

దంతవైద్యము పుస్తకపు చదువు కంటె చేతి చదువు ఎక్కువ. మొదటి సంవత్సరముననే మైనపు దిమ్మ నొకదానిని చేతికిచ్చి, కార్వర్ అను సన్నని పనిముట్టుతో దానిని చెక్కి పన్ను తీర్చుమందురు. దవడపంటి నమలుతలముమీది మిట్టలును, వానినడుమ గాడులును కొలత తప్పక వచ్చువఱకు దిమ్మలు పాడుచేయుచునే యుందురు. రెండవ యేట ప్లాస్టరు అచ్చులు పోయుట, మైనపు చిగుళ్లలో కృత్రిమదంతములను వరుస కూర్చుట, ఫాంటమ్ హెడ్ అను బొమ్మతలలో పండ్లు తొలిచి నింపుట వచ్చును. ప్రతి మెట్టున అధ్యాపకుడు చూచి రికార్డులో సంతకము చేయవలెను. పై తరగతులలో రోగులు వత్తురు. ఇన్ని పండ్లు తీయుట, ఇందఱికి పాచి తీయుట, ఇన్ని పళ్లసెట్లు కట్టుట అని కళాశాల విధించిన లెక్కను విద్యార్థులు "కోటా" అందురు. ఒక్క పళ్లసెట్టునకు ముసలివాని నోటి అచ్చు తీయుట, మరల ఖచ్చితమైన అచ్చు తీయుట, దవడల పొందిక కొలుచుట, మైనముమీద పండ్లు కూర్చి నోటిలో పెట్టి చూచుట, తుదకు అమర్చుట, ఇన్ని రాకలు కావలెను. పొందూరు నేతగాని మగ్గముమీద సగము నేసిన బట్టను దించి మఱొక మగ్గమున కెక్కించుట ఎంత ప్రయాసయో, మూడవ యేట విద్యార్థిని మార్చుట అంత ప్రయాస. రెండవ యేటి గుమ్మముననే మార్పును ఆపుటలో అందువలన వివేకమున్నది.

పైగా రోగి నోరు ప్రాంతమునుబట్టి మాఱును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ జిల్లాల పల్లెలలో, ముఖ్యముగా సముద్రతీరపు స్త్రీలలో, చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొని పీల్చు అడ్డపొగ అలవాటున్నది. ఆ వేడికి అంగిలి తెల్లబడి, ఎఱ్ఱని చుక్కలు తేలి, కొందఱిలో పుండై పుట్టకురుపుగా మాఱును. టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా ప్రభృతులు 1960ల ద్వితీయార్ధమున శ్రీకాకుళము జిల్లా పల్లెలలో ఇంటింటికిని తిరిగి నోళ్లు పరీక్షించి ప్రకటించిన వ్యాసములవలన, శ్రీకాకుళము పేరు నోటిరోగముల శాస్త్రగ్రంథములలోని కెక్కినది. ఇచటి విద్యార్థి నిత్యము చూచు ఆ అంగిలి కడప విద్యార్థికి అరుదు. నల్లగొండవంటి ఫ్లోరైడు సీమలో చదువువాడు చూచు గారపండ్లు ఇచటివానికి అరుదు. తన జిల్లాలోనే వైద్యము చేయదలచిన బిడ్డ ఇంటిచెంత చదువుట మంచిదని నేననుటకు ఇదియు ఒక హేతువు.

నిబంధన కాఠిన్యమును సమర్థించియు, దాని దయాదృష్టి మిక్కిలి ఇఱుకని చెప్పక తప్పదు. దయనీయ పరిస్థితులనుటకు అది చూపిన ఉదాహరణములు పోషించు సంరక్షకుని మరణము, కళాశాలయున్న ప్రాంతము అల్లకల్లోలముగా నున్నదని ప్రభుత్వము ప్రకటించుట. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము సంగతి తలంపుడు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో ఇంటికొకరన్నట్లు మూత్రపిండముల వ్యాధికి లోబడుచున్నారు. వారికొఱకే పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెఱచిరి. వారమునకు రెండు మూడుమాఱులు, మాఱునకు సుమారు నాలుగు గంటలు డయాలిసిస్ యంత్రముచెంత పరుండు తండ్రికి తోడుపోవుటకు మనిషి కావలెను. జీడితోట చూచుటకు మనిషి కావలెను. ఆ తండ్రి బ్రతికియున్నంతకాలము బిడ్డ దరఖాస్తునకు బలము లేదు. మరణించినచో బలము వచ్చును! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇదే ఉద్దానమున కొబ్బరిని, జీడిని నేలమట్టము చేసినది. కాని దూరాన చదువు బిడ్డకు అదియు పనికిరాదు. అల్లకల్లోలము కళాశాలయున్న చోట జరుగవలెనే గాని ఇల్లున్న చోట కాదు.

సముద్రము దాటినవారి సంగతి వేఱు. పెండ్లి చేసికొని భర్తవెంట అమెరికాకు పోయిన మన బి.డి.యస్. పట్టభద్రురాలికి అచట ఈ పట్టా ఒక్కటి చూపి వైద్యము చేయుటకు వీలుండదు. ఐ.ఎన్.బి.డి.ఇ. అను అచటి దంతవైద్య బోర్డు పరీక్ష నెగ్గి, టోఫెల్ వ్రాసి, పలు కళాశాలలలో ప్లాస్టిక్ పంటిని అరగదీసి చేతిపని చూపి, రెండు మూడేండ్లు మరల చదువవలెను. ఖర్చు విపరీతము. అయినను మార్గమంటూ ఒకటి తెఱచియే యున్నది.

ఎం.బి.బి.యస్. విద్యార్థులకు 2023 నిబంధనలతో జాతీయ వైద్య కమిషన్ కళాశాల మారు తలుపు పూర్తిగా మూసినది. అంతకు ముందటి యేడు ఉక్రెయిన్ యుద్ధమునుండి ప్రాణములు దక్కించుకొని వచ్చిన విద్యార్థులను ఇచటి కళాశాలలలో సర్దుటకు చట్టము ఒప్పదని కేంద్రము సుప్రీంకోర్టునకు విన్నవించినది. 1948 చట్టము స్థానమున జాతీయ దంతవైద్య కమిషన్ చట్టమును పార్లమెంటు 2023లోనే ఆమోదించినది. ఆ చట్టము క్రింద క్రొత్త నిబంధనలు వ్రాయువారు వైద్యవిద్య బాటనే పట్టి ఉన్న సందును పూడ్చివేయక, తలిదండ్రుల దీర్ఘవ్యాధిని, విద్యార్థి స్వీయవ్యాధిని స్పష్టముగా దయాకారణములలో చేర్చవలెనని, నెల గడువును మూడు నెలలు చేయవలెనని నా విన్నపము.

అంతవఱకు తలిదండ్రులు చేయదగినది ఒకటున్నది. సీటు మార్పించెదమని డబ్బు అడుగు దళారులను నమ్మకుడు. మండలికి తెలుపక జరిగిన మార్పుపై తనకు తోచిన నిర్ణయము తీసికొను అధికారమును మండలి నిబంధనలలోనే అట్టిపెట్టుకొన్నది, పట్టా చేతికి వచ్చువేళ చిక్కు రావచ్చును. నిజముగా మారుటకు వీలున్న కాలము కౌన్సెలింగు విడతల నడుమ మాత్రమే. అప్పుడు పై ఆప్షనులో ఖాళీ ఏర్పడినచో ర్యాంకు ననుసరించి జరుగవచ్చును. కనుక వెబ్ ఆప్షన్లు పెట్టు రాత్రి నెట్ సెంటరు కుఱ్ఱవానికి ఆ పని వదలివేయక, ఏ ఊరు, ఎంత ఫీజు, ఇంటిలో ఎవరి ఆరోగ్యము ఎట్లున్నది అన్నది బిడ్డతో కూర్చుండి మాటలాడి, ఐదేండ్లు ఉండగలిగిన కళాశాలనే ముందు వ్రాయుడు.