దాంపత్యంలో స్త్రీ కోరిక: లేఖనం, మనోవిజ్ఞానం, కాపరి బాధ్యత

మన సంఘాల్లో వివాహాన్ని గూర్చిన ప్రసంగాలకు కొదువ లేదు. అయితే భార్యకు కూడా శారీరక వాంఛ ఉంటుందని, అది ఎలా కలుగుతుందో, ఎందుకు అణగిపోతుందో బోధించేవారు అరుదు. బనగానపల్లె ప్రాంతాన్నే తీసుకుందాం. పగలంతా నాపరాళ్ల గనిలోనో పొలంలోనో పని చేసి, రాత్రి ఒకే గదిలో అత్తమామల నడుమ, పిల్లల నడుమ పడుకునే భార్య "నాకు మనసు రావడం లేదమ్మా" అని పాస్టరమ్మగారితో చెప్పుకొంటే, ఆమెకు ఏ జవాబు ఇవ్వాలి? 1 కొరింథీయులకు 7వ అధ్యాయం చూపించి పంపివేస్తే సరిపోతుందా?

1. లేఖనం ఏమి చెబుతోంది?

వాంఛ అనే అర్థంలో 'తెషూకా' అనే హెబ్రీ పదం పాత నిబంధనలో మూడు చోట్ల మాత్రమే వస్తుంది. ఆదికాండము 3:16లో అది స్త్రీ వాంఛ. అక్కడ దానికి పురుషుని ఏలుబడి తోడైంది. 4:7లో అది కయీనును పట్టగోరే పాపపు వాంఛ. పరమగీతము 7:10లో అదే పదం ప్రియుడు ప్రియురాలిపై పెట్టుకొన్న వాంఛను తెలుపుతుంది. అక్కడ ఏలుబడి లేదు. తెలుగు బైబిలులో మాట మారినందువలన ఈ సంబంధం చదువరికి కనబడదు. పరమగీతాన్ని ఆరంభించేది, ముగించేది స్త్రీ స్వరమే. తన కోరికను ఆమె దాచుకోదు. గ్రంథం ఆమెను గద్దించదు.

1 కొరింథీయులకు 7:3-5లో పౌలు భర్త ధర్మాన్ని ముందు చెప్పి, తర్వాత భార్య ధర్మాన్ని చెప్పాడు. భర్త దేహంపై భార్యకు అధికారం ఉందనడం ఆనాటి సమాజానికి వింత మాట. ఎడబాటుకు ఇద్దరి సమ్మతి కావాలన్నాడు. సమ్మతినే ఆధారం చేసిన వాక్యాన్ని బలవంతానికి ఆయుధం చేయడం వాక్యాన్ని వక్రం చేయడమే.

2. మన మౌనానికి మూలం

ఈ మౌనం సంఘానికి మాత్రమే చెందినది కాదు. 18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రచించిన 'రాధికా సాంత్వనము'లో స్త్రీ కోరిక బాహాటంగా పలికింది. వితంతు వివాహాలకై పోరాడిన కందుకూరి వీరేశలింగం సైతం అవి స్త్రీ నోట రాదగిన మాటలు కావని నిందించారు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని ప్రచురించి, పురుష కవులకు లేని నిషేధం స్త్రీకెందుకని ప్రశ్నించారు. 1911లో ప్రభుత్వం దానిని నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఆ కావ్య వస్తువును సమర్థించడం మా ఉద్దేశం కాదు. పురుషుడు పలికితే శృంగారం, స్త్రీ పలికితే అశ్లీలం అనే కొలత మన విశ్వాసుల ఇళ్లలోనూ ఉందని గుర్తించాలి.

3. మనోవిజ్ఞానం తెలిపేది

1966లో మాస్టర్స్, జాన్సన్ లైంగిక స్పందనను స్త్రీ పురుషులిద్దరికీ ఒకే క్రమంలో నాలుగు దశలుగా వివరించారు. 2000లో కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ మరొక నమూనా ప్రతిపాదించారు. దీర్ఘ దాంపత్యంలో అనేకమంది స్త్రీలకు కోరిక ముందుగా పుట్టదు. ఆప్యాయత, భద్రత, ఏకాంతం దొరికినప్పుడు స్పందనగా పుడుతుంది. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. తనంత తానుగా కోరిక కలిగే స్త్రీలూ ఉన్నారు. కాబట్టి కోరిక ముందు కనబడనంత మాత్రాన ఆమె ప్రేమ చల్లారిందనరాదు. "మొదలుపెడితే అదే వస్తుంది" అని భర్త బలవంతం చేయడానికీ ఇది అనుమతి కాదు. భయమున్న చోట ఆ స్పందనకు తావుండదు.

బాలింత దశ, రక్తహీనత, కలయికలో నొప్పి, మానసిక కుంగుబాటు, కొన్ని మందులు, ముట్లుడగడం కూడా కోరికను తగ్గించగలవు. 2013 నాటి అమెరికన్ మానసిక వైద్య వర్గీకరణ ప్రకారం, స్త్రీకి స్వయంగా బాధ కలిగించని కోరిక లేమి రుగ్మత కాదు.

4. కాపరి చేయదగినది

మొదట విందాం. నొప్పి ఉందా, భయం ఉందా, అలసట ఉందా అని పాస్టరమ్మగారి ద్వారా గాని అనుభవజ్ఞురాలైన సహోదరి ద్వారా గాని తెలుసుకొందాం. నొప్పి ఉంటే వైద్యురాలి వద్దకు పంపుదాం. బలవంతం ఉంటే లోబడమని చెప్పకూడదు. 2005 గృహహింస చట్టం లైంగిక హింసను కూడా హింసగానే పరిగణిస్తుంది. ఆమె చెప్పుకొన్న సంగతి స్త్రీల కూడికలో ప్రార్థన అంశం గాని, ఆదివారపు ప్రసంగంలో ఉదాహరణ గాని కారాదు. వివాహానికి ముందు ఇచ్చే బోధలో వరునికి కూడా ఈ పాఠం చెప్పాలి: భార్య దేహంపై తన అధికారాన్ని తలచుకొనే ముందు, తన దేహంపై ఆమెకున్న అధికారాన్ని అతడు ఒప్పుకోవాలి.