ముందు కొలత, తరువాత కొనుగోలు: లేత్ టూల్ పోస్టు మార్చుకొనుటలో మెలకువలు

వరికోతల కాలంలో పల్లెటూరి లేత్ షెడ్డుకు తీరిక ఉండదు. పంపుసెట్టు షాఫ్టు అరిగిందని ఒకరు, ట్రాలీ పిన్ను వదులైందని మరొకరు, నూర్పిడి యంత్రానికి బుష్ కావాలని ఇంకొకరు వాకిట నిలిచి ఉంటారు. సరిగా అటువంటి సమయంలో టూల్ పోస్టు పగిలినదనుకొందాము. మోటారు, చక్కు, గేర్లు అన్నీ బాగున్నవి. కాని టూలును పట్టి నిలిపే ఆ చిన్న దిమ్మె లేనిదే యంత్రమంతా నిరుపయోగమే. వచ్చిన పని పక్క ఊరికి పోతుంది. బ్యాంకు వాయిదా మాత్రం తేదీ తప్పక వస్తుంది.

ఆ తొందరలో చాలామంది పట్టణానికి పరుగెత్తి, చూపుకు అదే మాదిరిగా ఉన్నదానిని కొని తెస్తారు. దుకాణదారు "ఎన్ని అడుగుల లేత్?" అని అడుగుతాడు, వీరు "నాలుగున్నర అడుగులు" అంటారు. బేరం ముగుస్తుంది. తీరా బిగించి చూస్తే టూలు మొన సెంటరుకు పైన నిలుస్తుంది. అడుగుల లెక్క బెడ్డు పొడవును చెబుతుందే గాని, టూల్ పోస్టు సరిపోవునో లేదో చెప్పదు. చెప్పవలసిన కొలతలు వేరే ఉన్నవి.

నిజంగా మార్చవలసినదేనా?

మొదట లోపం ఎక్కడ ఉన్నదో చూడవలెను. టూలును నొక్కే స్క్రూల మరలు మాత్రమే అరిగిపోతే, రంధ్రాలను తరువాతి సైజుకు డ్రిల్లు చేసి, ట్యాపు వేసి, కొత్త స్క్రూలు బిగించవచ్చును. నడిమి స్టడ్డు వంగితే దానిని ఒక్కదానినే మరొక షెడ్డులో చేయించుకొనవచ్చును. దిమ్మె పగిలినప్పుడు, ముఖ్యంగా అది పోత ఇనుముదైతే, వెల్డింగుతో అతికించి పని నడుపుట మంచిది కాదు. కోత ఒత్తిడికి అది మరల విడిపోతే పనివాని చేతికే ప్రమాదం.

మూడు కొలతలు

మొదటిది, కాంపౌండ్ స్లయిడు పైభాగం నుండి స్పిండిలు సెంటరు వరకు ఉన్న ఎత్తు. నునుపైన గుండ్రని కడ్డీని చక్కులో దగ్గరగా బిగించి, స్లయిడు పైభాగం నుండి కడ్డీ అడుగు అంచు వరకు కొలవవలెను. చక్కును అర చుట్టు తిప్పి, అదే చోట మరల కొలిచి, రెండింటి సగటు తీసుకొనవలెను. దానికి కడ్డీ మందంలో సగం కలిపితే అసలు ఎత్తు తెలుస్తుంది. ఉదాహరణకు కడ్డీ 20 మి.మీ., సగటు కొలత 18 మి.మీ. అయితే, సెంటరు ఎత్తు 28 మి.మీ. అన్నమాట.

టూలు కూర్చునే గాడి అడుగు మందం ఇందులో నుండి తీసివేయవలెను. ఆ మందం 12 మి.మీ. ఉంటే 16 మి.మీ. టూలు సరిగా సెంటరుకు వస్తుంది. 20 మి.మీ. ఉంటే 8 మి.మీ. టూలుకు మాత్రమే చోటు మిగులుతుంది. టూలు కిందికి ఉంటే రేకు ప్యాకింగు పెట్టి లేపవచ్చును. పైకి ఉంటే ప్యాకింగుతో దించుట సాధ్యం కాదు.

రెండవది, స్టడ్డు మందం, మర, స్లయిడుపై దాని ఎత్తు. దిమ్మె రంధ్రం కొంత పెద్దదైతే బుష్ వేసుకొనవచ్చును. స్టడ్డుకు బదులు స్లయిడులో టీ గాడి ఉంటే దాని వెడల్పు, లోతు కొలవవలెను.

మూడవది, స్లయిడు పైభాగపు వెడల్పు. దిమ్మె అడుగు అంతా స్లయిడుపై ఆనవలెను. అంచులు గాలిలో ఉంటే కోతలో అదురు వస్తుంది.

ఏ రకం?

మరమ్మతు పనులకు నాలుగు పలకల టూల్ పోస్టు చాలును. దృఢంగా ఉంటుంది, నాలుగు టూళ్లు ఒకేసారి బిగించుకొనవచ్చును. త్వరగా మార్చే రకంలో నట్టు తిప్పి ఎత్తు సరిచేసుకొనే వీలున్నది. ప్యాకింగుల బెడద లేదు. కాని హోల్డర్లను విడిగా కొనవలెను. వీటిలో ఏ.ఎక్స్.ఏ. సైజు 12 అంగుళాల వరకు, బి.ఎక్స్.ఏ. సైజు 10 నుండి 15 అంగుళాల వరకు స్వింగు గల లేతులకని తయారీదారులు సూచిస్తారు. అయినను మన స్లయిడు ఎత్తుతో సరిచూడనిదే కొనరాదు.

ఎక్కడ?

పంజాబులోని బటాలా, లూధియానా, గుజరాతులోని రాజ్‌కోట్ లేతుల తయారీకి పేరుపొందినవి. మనకు దగ్గరలో సికింద్రాబాదు రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ ఉన్నవి. పేరు పలక లేని పాత లేత్‌కు అసలు విడిభాగం దొరకుట అరుదు. అప్పుడు కొలతల కాగితం ఇచ్చి, మిల్లింగు లేదా షేపింగు యంత్రం ఉన్నచోట ఉక్కు దిమ్మెతో చేయించుకొనుట ఉత్తమం.

రుణగ్రహీతలకు

ఒక్క భాగం పోయినదని కొత్త లేత్‌కు అప్పు చేయవద్దు. ఇటువంటి ఖర్చు నిర్వహణ ఖర్చే. చేతిలోని రొక్కం నుండి గాని, క్యాష్ క్రెడిట్ నుండి గాని భరించదగినది. ఆ వసతి లేనివారు 2015లో ప్రారంభమైన ముద్రా పథకంలో 50,000 రూపాయల వరకు ఇచ్చే శిశు విభాగాన్ని గురించి శాఖలో విచారించవచ్చును. యంత్రం బ్యాంకుకు హైపోథికేషన్‌లో ఉంటే భాగం కొన్న బిల్లును భద్రపరచవలెను. పని ఆగి వాయిదా ఆలస్యమగునని తోచినప్పుడు, గడువుకు ముందే మేనేజరును కలియవలెను. టర్మ్ లోను వాయిదా 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. యంత్ర వైఫల్య బీమా ఉన్నను, వాడుకలో వచ్చే అరుగుదలకు అది వర్తించదు.

డీలర్లకు ఒక మాట

"ఎన్ని అడుగులు?" అని అడుగుటకు బదులు "స్లయిడు నుండి సెంటరు ఎంత? స్టడ్డు ఎంత?" అని అడుగవలెను. ప్రతి టూల్ పోస్టుపై గాడి అడుగు మందం, రంధ్రం కొలత రాసి ఉంచితే తిరిగివచ్చే సరుకు తగ్గుతుంది, కొన్నవాడు మరల మీ అంగడికే వస్తాడు.

లేత్ బాగుగా నడుస్తున్న రోజుననే ఈ మూడు కొలతలు తీసి, షెడ్డు గోడపై రంగుతో రాసి ఉంచుకొనవలెను. ఇప్పుడు వెచ్చించే పావుగంట, కోతల కాలంలో రెండు రోజుల పనిని కాపాడుతుంది.