సంఘం కంప్యూటరులో ఫైళ్లు ఒక ఫోల్డరు నుండి మరొక ఫోల్డరుకు మార్చే పద్ధతి

పాల సంఘానికి పాలు ఎంత ముఖ్యమో లెక్క కూడా అంతే ముఖ్యం. ఉదయం, సాయంత్రం సభ్యులు పోసిన పాల కొలత, వెన్న శాతం, వాటిని బట్టి కట్టిన ధర - ఇవన్నీ ఒకప్పుడు రిజిస్టర్లలోనే ఉండేవి. నేడు అనేక సంఘాలలో ఈ లెక్కలు కంప్యూటరులోకి చేరాయి. రిజిస్టరు కనిపించకపోతే బీరువా వెతికేవాళ్లం. ఫైలు కనిపించకపోతే ఎక్కడ వెతకాలో చాలామందికి తోచదు. అది చెరిగిపోయి ఉండకపోవచ్చు. ఒక ఫోల్డరు నుండి మరొక దానికి మార్చేటప్పుడు వేరే చోటికి చేరి ఉండవచ్చు. కాని పాల బిల్లు వేసే నాడు ఆ ఫైలు దొరకకపోతే ఇబ్బంది పడేది పాలు పోసిన సభ్యుడే. కావున ఈ పని ఎలా చేయాలో కార్యదర్శులే కాక సభ్యులు కూడా తెలుసుకోవడం మంచిది.

ఫోల్డరులో ఫోల్డరు

సంఘం బీరువాను తలచుకోండి. బీరువాలో అరలు, అరలో ఏడాది వారీ కట్టలు, కట్టలో నెల వారీ కాగితాలు ఉంటాయి. కంప్యూటరులోనూ ఇదే వరుస. బీరువా వంటిది డ్రైవు, అర వంటిది ఫోల్డరు, కాగితం వంటిది ఫైలు. ఒక ఫోల్డరులో ఇంకొక ఫోల్డరు, దానిలో మరొకటి పెట్టుకోవచ్చు.

ఈ సౌకర్యం చిన్న కంప్యూటర్లలో మొదటి నుండీ లేదు. ఎం.ఎస్.-డాస్ తొలి రూపంలో ఒక డిస్కులోని ఫైళ్లన్నీ ఒకే జాబితాగా ఉండేవి. 1983లో వచ్చిన 2.0 రూపంతో అరలో అర పెట్టే వీలు కలిగింది.

ఫైలు ఏ ఫోల్డరులో ఉన్నదో చెప్పే వరుసను 'పాత్' అంటారు. 'పెద్దపల్లి, రామగుండం, మన సంఘం, 2025, జూన్' అన్నది అటువంటి వరుస. ఇది ఉత్తరం మీద రాసే చిరునామా వంటిది. ఫైలును మార్చడమంటే ఈ చిరునామాను మార్చడమే.

మార్చవలసిన అవసరం ఎందుకు వస్తుంది?

మన ప్రాంతంలోనే చక్కని ఉదాహరణ ఉంది. రామగుండం, గోదావరిఖని 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేవి. ఆ రోజున పెద్దపల్లి జిల్లా ఏర్పడింది. రామగుండం మండలంలోని కొన్ని గ్రామాలతో అంతర్గాం, పాలకుర్తి మండలాలు కూడా అప్పుడే ఏర్పడ్డాయి. గ్రామం కదలలేదు, గేదె కదలలేదు, కాని చిరునామా మారింది. జిల్లా, మండలం వారీగా ఫోల్డర్లు పెట్టుకున్న చోట 'కరీంనగర్' లోపల ఉన్న 'రామగుండం'ను 'పెద్దపల్లి' లోపలికి, అంతర్గాం వైపు చేరిన సంఘాన్ని 'అంతర్గాం' లోపలికి మార్చవలసి వస్తుంది.

ఇటువంటప్పుడు ఫోల్డరులో ఫోల్డరు ఉండడం మేలు చేస్తుంది. సంఘం పేరుతో ఉన్న ఒక్క ఫోల్డరును మారిస్తే, దాని లోపలి సంవత్సరాలు, నెలలు, బిల్లులు అన్నీ తల్లి వెంట దూడ నడిచినట్లు దాని వెంటే వెళ్తాయి. అదే విధంగా పొరపాటున ఒక్క ఫోల్డరు జారిపడితే పదేళ్ల లెక్కలు కూడా దానితో పాటే కనిపించకుండా పోతాయి.

బదిలీ వేరు, నకలు వేరు

ఒకే ఇంట్లో పాడి, సింగరేణి ఉద్యోగం రెండూ ఉన్న కుటుంబాలు మనలో ఉన్నాయి. ఉద్యోగి ఒక ఇంక్లైను నుండి మరొక ఇంక్లైనుకు బదిలీ అయితే ఇక్కడి మస్టరులో పేరు తీసి అక్కడి మస్టరులో ఎక్కిస్తారు. మనిషి ఒక్కడే, పేరు ఉండే పుస్తకం మారింది. కంప్యూటరులో 'కట్' చేసి 'పేస్ట్' చేయడం ఇటువంటిదే. ఒకే డ్రైవులో మార్చినప్పుడు ఫైలులోని లెక్కలు ఉన్న చోటనే ఉంటాయి, చిరునామా మాత్రమే తిరగరాయబడుతుంది. అందుకే ఎంత పెద్ద ఫోల్డరైనా క్షణాలలో మారుతుంది.

'కాపీ' చేస్తే ఒకే మనిషి పేరు రెండు మస్టర్లలో ఉన్నట్లవుతుంది. నష్టం ఇక్కడే వస్తుంది. ఒక సభ్యురాలి గేదె పాలకు వెన్న 6.5 శాతం రాగా ఫైలులో 5.6 అని పడిందనుకోండి. ఆమె అడగగా ఒక నకలులో సరిచేశారు. రెండవ నకలులో తప్పు అలాగే ఉంటుంది. బిల్లు ఆ రెండవ దాని నుండి తయారైతే ఆమెకు రావలసిన ధర రాదు. కావున వాడుకలో ఉన్న లెక్క ఒక్క చోటనే ఉండాలి. భద్రత కోసం తీసిన నకలును వేరే పెన్ డ్రైవులో, 'నకలు' అని పేరు పెట్టి, తేదీ వేసి దాచాలి.

ఇంకొక విషయం గమనించాలి. విండోస్ కంప్యూటరులో ఫైలును మౌస్‌తో లాగి అదే డ్రైవులోని మరో ఫోల్డరులో వదిలితే అది బదిలీ అవుతుంది. పెన్ డ్రైవు మీదికి లాగి వదిలితే నకలు మాత్రమే తయారవుతుంది. చేతి పని ఒకటే, ఫలితం వేరు. మౌస్ మధ్యలో జారితే ఫైలు పక్క ఫోల్డరులో పడుతుంది. అందుచేత ముఖ్యమైన లెక్కలను లాగి వదిలే పద్ధతిలో మార్చకపోవడమే మేలు.

మార్చే విధానం

1. ఆ ఫైలు గాని, ఆ ఫోల్డరులోని మరే ఫైలు గాని తెరిచి ఉంటే మూసివేయాలి. తెరిచి ఉన్నదానిని మార్చబోతే కంప్యూటరు ఒప్పుకోకపోవచ్చు.

2. ఫోల్డరు మీద మౌస్ కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' చూడాలి. లోపల ఎన్ని ఫైళ్లు, ఎన్ని ఫోల్డర్లు ఉన్నవో అక్కడ కనిపిస్తుంది. ఆ అంకెలను కాగితం మీద రాసుకోవాలి.

3. ముందుగా పెన్ డ్రైవులోకి ఒక నకలు తీసి, అది తెరుచుకుంటున్నదో లేదో చూడాలి.

4. ఫోల్డరును ఎంచుకొని, కంట్రోల్ మీట నొక్కిపట్టి ఎక్స్ నొక్కాలి. బొమ్మ కొంచెం వెలిసినట్లు కనిపిస్తుంది. కంగారు పడనవసరం లేదు, పేస్ట్ చేసే వరకు అది పాత చోటనే ఉంటుంది.

5. చేరవలసిన ఫోల్డరు తెరిచి, పైన కనిపించే చిరునామాను ఒకసారి చదవాలి. సరిపోయిందనుకున్న తరువాతనే కంట్రోల్ మీటతో వి నొక్కాలి.

6. మళ్లీ 'ప్రాపర్టీస్' చూసి, రాసుకున్న అంకెలతో సరిచూడాలి. తప్పు చోట చేరితే వెంటనే కంట్రోల్ మీటతో జడ్ నొక్కితే వెనుకకు వస్తుంది.

7. పాత చోట 'ఫలానా తేదీన ఫలానా ఫోల్డరుకు మార్చడమైనది' అని చిన్న ఫైలు ఒకటి ఉంచాలి. ఆడిట్ సమయంలో ఇది ఎంతో పనికివస్తుంది.

తీసుకోవలసిన జాగ్రత్తలు

చేరే చోట అదే పేరుతో ఫైలు ఉంటే కంప్యూటరు 'రీప్లేస్' చేయమంటారా అని అడుగుతుంది. చదవకుండా ఒప్పుకోరాదు. అలా ఒప్పుకుంటే అక్కడ ఉన్న ఫైలు పోతుంది, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. ప్రతి ఏడాదీ 'జూన్ బిల్లు' అనే పేరే పెట్టే చోట ఈ ప్రమాదం ఎక్కువ. పేరులో సంవత్సరం తప్పక ఉండాలి. తేదీల మధ్య ఏటవాలు గీత పెట్టడానికి విండోస్ ఒప్పుకోదు. '2025-06-15' అని సంవత్సరం ముందు వచ్చేలా రాస్తే ఫైళ్లు కాలక్రమంలో వరుసగా నిలబడతాయి.

ఒక ఎక్సెల్ ఫైలు మరొక ఫైలు నుండి అంకెలు తెచ్చుకుంటున్నట్లయితే, ఒకదానిని మార్చినప్పుడు ఆ లంకె తెగవచ్చు. అటువంటి రెండింటినీ ఒకే ఫోల్డరులో ఉంచి, ఆ ఫోల్డరునే మార్చాలి. మార్చిన తరువాత తెరిచి మొత్తాలు సరిచూడాలి. పాల సేకరణ సాఫ్ట్‌వేరు తనకై తాను పెట్టుకున్న ఫోల్డర్లను మాత్రం ముట్టుకోరాదు. చోటు మారితే సాఫ్ట్‌వేరు వాటిని గుర్తించలేకపోవచ్చు.

ఫోల్డరులో ఫోల్డరు మరీ లోతుగా పెట్టడం కూడా తగదు. విండోస్‌లో పాత్ సాధారణంగా 260 అక్షరాల లోపు ఉండాలి. సంఘం, సంవత్సరం, నెల - ఒక సంఘం సొంత లెక్కలకు ఈ మూడు మెట్లు చాలు.

ఇంత చేసినా ఫైలు కనిపించకపోతే, కిటికీ పైన కుడివైపు ఉండే వెతికే గడిలో పేరు రాసి డ్రైవు అంతా వెతకాలి. తరువాత పక్క ఫోల్డర్లు, ఆపైన రీసైకిల్ బిన్ చూడాలి. పెన్ డ్రైవులో చెరిపినది మాత్రం బిన్‌కు రాదని గుర్తుంచుకోవాలి.

సభ్యులు అడగవలసినవి

కంప్యూటరు ముందు కూర్చోని సభ్యులు కూడా సర్వసభ్య సమావేశంలో మూడు ప్రశ్నలు అడగవచ్చు. మన లెక్కల ఫైళ్లు ఏ ఫోల్డరులో ఉన్నవి? వాటి నకలు ఎక్కడ ఉన్నది, చివరగా ఏ తేదీన తీశారు? కార్యదర్శి సెలవులో ఉంటే వాటిని తెరవగలవారు ఇంకెవరున్నారు? ఈ మూడింటికీ జవాబు ఉన్న సంఘంలో కంప్యూటరు మారినా, కార్యదర్శి మారినా సభ్యుని పాల డబ్బు ఆగదు.